కుర్చీల లెక్క

సున్నం సుంకన్న అంటే నేనే.
ఆదోనిలో మున్సిపల్ స్కూలు ఎనక
పదమూడు మీటర్ల పొడుగు, పది వెడల్పు,
పదకొండేండ్లుగా గీత మింద గీత గీస్తా ఉండా.
శానా మోకాళ్ళు పోయినాయి, గీత పోలే.
ఓనరు మాత్రం ఒకసారి మారినాడు.

గవిసిద్దప్పది జిన్నింగు మిల్లు.
మీసాల్లో ఎప్పుడూ రొంత దూది.
మా ఈరన్న కూతకు పోతే గడియారం పట్టుకుని
కండ్లు మూసుకుని తల ఊపేవాడు,
కచేరీలో ముందు వరసన కూచున్నట్ల.
"ఊపిరి ఊపిరే గదరా సుంకన్నా,
కూతకైనా, పాటకైనా."
అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ యేడు పత్తి ధర బాగుండె.
హైదరాబాదు నుంచి ఒకాయన దిగినాడు,
తెల్ల బూట్లు, రెండు ఫోన్లు.
సినిమాల్లో పాడే యమ్మ, ఇరవై మంది వాయిద్యగాళ్ళు,
ఐదూర్లు, ఐదు రాత్రులు,
పెట్టిన రూపాయికి మూడు.
పోస్టరు అడుగున, మూలన, ఈగంత అచ్చరాల్లో
మా జట్టు పేరు: నల్లరేగడి.

నంద్యాలలో వాన.
కర్నూల్లో వాన లేదు, జనమూ లేరు.
మూడు వేల కుర్చీలకు రెండొందల పన్నెండు మంది,
అందులో నలభై మంది పాసులోళ్ళు.
డోన్లో జనరేటరు దగ్గి దగ్గి ఆగిపాయ.
చీకట్లో ఆ యమ్మ మైకు లేకుండానే
ఒక చరణం పాడింది.
అబద్ధమెందుకు, నేనింకా మర్చిపోలే.
గవిసిద్దప్ప అగ్గిపుల్ల గీసి గడియారం చూసుకున్నాడు.
ఆ ఒక్క ఊపిరి
ఆయనకు నలభై లక్షలు పడింది.
గుత్తికి తెల్ల బూట్లాయన రాలే.
ఆదోనికి ఎవరూ రాలే.

కుర్చీలు మాత్రం వచ్చినాయి.
అవి మాబున్నివి,
దూదేకులోళ్ళ మాబున్ని.
వాళ్ళ తాత ఈ గవిసిద్దప్పోళ్ళ పరుపులకే
నారి మీటి దూదేకినోడు.
ఇప్పుడామెకు రెండు లారీలు, షామియానాలు,
ఆరు వేల కుర్చీలు,
ప్రతి కుర్చీ వీపున ఎర్ర పెయింటుతో "మా".
ఐదూర్లు తిప్పిన బాడుగ పైసా ముట్టలే.

బ్యాంకోళ్ళు మిల్లుకు తాళమేసిన మర్నాడు
ఆమె వచ్చింది. అరవలే.
"ఏముంది నీ కాడ?"
"జట్టుంది."
"తింటారా?"
"శానా తింటారు."
ఆమె నవ్వలే. వేళ్ళ మింద లెక్కేసుకుంది.

టీ అంగట్లో స్టాంపు పేపరు పరిచినారు.
గాలికి ఎగరకుండా
అమ్ముడుపోని టికెట్ల కట్ట బరువు పెట్టినారు.
ఆయన బిరీన గీకినాడు.
ఆమె ఒక్కో అచ్చరం దిద్దింది.
టికెట్లు నాకిచ్చింది. ఎనక పక్క తెల్లగుండాయి,
రెండేండ్లు స్కోరు వాటి మిందనే రాసినా.

కొత్త బనీన్లు వచ్చినాయి, వీపున "మా".
ఈరన్నకు కోపమొచ్చింది:
"మేం గూడా కుర్చీలమేనా అక్కా?"
"కుర్చీ కాలిరిగితే నేను బాగు చేయిస్తా.
నీ మోకాలు మూడేండ్లుగా ఎవరు చూపిచ్చినారు?"
వాడు గమ్మునైనాడు.
సోమవారం ఎముకల డాక్టరు కాడికి పోయినారు,
కుర్చీల లారీలోనే.

మొన్న నంద్యాలోళ్ళతో ఆట.
గవిసిద్దప్ప ముప్పై రూపాయలిచ్చి టికెట్టు కొన్నాడు.
మాబున్ని కొడుకు డబ్బులొద్దంటే
వాని జేబులో కుక్కినాడు.
మూడో వరస, చివర.
ఈరన్న గీత దాటినాడు. కూత మొదలైంది.
ఆయన మణికట్టు చూసుకున్నాడు.
గడియారం లేదు, అమ్మేసినాడు గదా.
చిటికెన వేలు కాన్నుంచి
ఒక్కో కణుపు మింద బొటనవేలు జరుపుకుంటా పోయినాడు.
కండ్లు మూసే ఉండాయి.

ఆట గెలిచినామా ఓడినామా అంటారా,
రెండు పాయింట్లతో ఓడినాం.
రాత్రి పదకొండుకు మాబున్ని టార్చి పట్టుకుని
కుర్చీలు లెక్కబెట్టింది.
మూడు తక్కువ.
మూడూ నా పేరు మింద రాసింది.
రెండు యాడికి పోయినాయో నాకు తెల్దు.
ఒకటి తెలుసు.
మోసినోన్ని నేనే,
గవిసిద్దప్ప వాకిలి దాకా.